థ్రిల్లర్ రాసేవారి సందేహాలు: హంతకుడి డైరీ నుంచి పుస్తకాల పండుగ దాకా

ప్రచురణ సంస్థల అండ లేకుండా, ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని క్రైమ్ థ్రిల్లర్లు రాస్తున్నవాళ్లవే ఈసారి ఉత్తరాలన్నీ. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి జవాబులిస్తున్నాం.

ప్రశ్న: హంతకుడెవరో చివరి అధ్యాయం దాకా ఎక్కడా బయటపడకుండా జాగ్రత్తపడ్డాను. అయినా చదవమని ఇచ్చిన స్నేహితులు ఎనభై, తొంభై పేజీల దగ్గరే ఆగిపోతున్నారు. లోపం ఎక్కడుంది?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: దాచడం మీదే ధ్యాసంతా పెట్టడంలో ఉంది. పాఠకుడికి ఏమీ తెలియకపోతే భయపడడానికీ ఏమీ ఉండదు. హత్య జరిగింది, ఇన్‌స్పెక్టర్ నలుగురిని అడిగాడు, నలుగురూ తెలియదన్నారు. ఈ వరసలో ఎనభై పేజీలు నడిస్తే ఎవరైనా పుస్తకం బోర్లా పెట్టేస్తారు. చనిపోయినావిడ ఫోను డ్రైవరు సీటు కింద ఉందని పాఠకుడికి ముందే చూపించండి. ఆ సంగతి తెలియని కూతురిని అదే కారెక్కించండి. ఆ ప్రయాణాన్ని పది పేజీలు సాగదీసినా చదువుతారు. హంతకుడెవరన్న ప్రశ్న ఒక్కటే నవల మొత్తాన్ని మొయ్యలేదు. ప్రతి ముప్ఫై, నలభై పేజీలకూ ఒక చిన్న ప్రశ్నకు జవాబు దొరుకుతూ, ఇంకొకటి పుట్టుకొస్తూ ఉండాలి.

రాయడం మొదలుపెట్టకముందే నోటుబుక్కులో రెండు వరసలు గీసుకోండి. ఎడమవైపు, నేరం చేసినవాడు ఏ తేదీన ఏ గంటకు ఏం చేశాడో రాయండి. కుడివైపు, ఆ సంగతి పరిశోధించేవారికి ఏ రోజున, ఎవరి ద్వారా తెలిసిందో రాయండి. నవలగా వచ్చేది కుడివైపు వరసే. ఎడమది లేకుండా మొదలుపెడితే, సాయంత్రం ఆరింటికి విజయవాడలో పెట్రోలు కొట్టించుకున్న మనిషి ఏడున్నరకి హైదరాబాద్ ఫ్లాట్‌లో కనిపిస్తాడు. మధ్యలో దాదాపు 270 కిలోమీటర్ల రోడ్డుంది. ఇలాంటివి పట్టుకోవడమే కొందరు పాఠకులకు సరదా.

అసలు దోషి మొదటి పావు భాగంలోనే కనిపించాలి. అతనికి ఏదో ఒక మామూలు పని ఉండాలి, పాఠకుడితో నాలుగు మాటలు మాట్లాడి ఉండాలి. నూట ఎనభయ్యో పేజీలో కొత్త మనిషిని తెచ్చి హంతకుడంటే అది మోసం కిందే లెక్క. ఆధారాన్ని పేరా చివర పెట్టకండి, అక్కడ పెడితే కళ్లు దాని మీదే ఆగుతాయి. వంటింట్లో గ్యాస్ రెగ్యులేటర్ కట్టేసి ఉందన్నది మీ ఆధారమనుకోండి. దాన్ని పేరా నడుమ ఒక్క వాక్యంలో చెప్పి, వెంటనే అత్తగారిని స్పృహ తప్పి పడిపోనివ్వండి. చదివేవాడు అత్తగారి వెంట పరిగెడతాడు, రెగ్యులేటర్ మనసులో ఓ మూల మిగిలిపోతుంది.

కొలతలు అడిగినవారికి: మొదటి నవలకు 50,000 నుంచి 60,000 మాటలు చాలు. అధ్యాయం 1,500 నుంచి 2,000 మాటల్లో ముగిస్తే ముప్ఫై అధ్యాయాలు వస్తాయి. ప్రతి అధ్యాయాన్నీ ఉత్కంఠ మీద తెంచెయ్యడం వారపత్రిక సీరియళ్ల నాటి అలవాటు. అప్పుడు తర్వాతి భాగానికి వారం ఆగాలి కాబట్టి అది అవసరమైంది. పుస్తకం చదివేవాడు మరుక్షణంలో పేజీ తిప్పేస్తాడు. తలుపు చప్పుడైంది అని ఆపి, తర్వాతి పేజీలో పిల్లి అని తేలిస్తే ఒకసారి ఊరుకుంటాడు, రెండోసారి ఊరుకోడు.

ప్రశ్న: పోలీసు దర్యాప్తు గురించి నాకు తెలిసిందంతా సినిమాల్లో చూసిందే. నవలలో మరీ తప్పులు దొర్లకుండా కనీసం ఏమేం తెలుసుకోవాలి?
— ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు తేదీ చూసుకోండి. 2024 జులై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత, దర్యాప్తు పద్ధతులు చెప్పే సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, సాక్ష్య చట్టం స్థానంలో భారతీయ సాక్ష్య అధినియం అమల్లోకి వచ్చాయి. మీ కథలో హత్య 2025లో జరిగితే అది సెక్షన్ 302 కాదు, న్యాయ సంహితలో 103. మోసం 420 కాదు, 318. నేరం 2024 జూన్‌లో జరిగి, కేసు ఆ తర్వాత పెట్టినా పాత ఐపీసీ సెక్షన్లే వేస్తారు. పాత్రలు మాటల్లో ‘ఫోర్‌ట్వంటీగాడు’ అనుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. జనం నోట్లోంచి అది ఇప్పట్లో పోదు.

తర్వాత హోదాలు. మన రెండు రాష్ట్రాల్లోనూ హత్య కేసు దర్యాప్తు ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉంటుంది. పల్లె స్టేషన్‌లో ఎస్సై ఎఫ్‌ఐఆర్ కట్టినా దర్యాప్తు సీఐకి వెళుతుంది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసైతే డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చెయ్యాలి. హైదరాబాద్, విజయవాడ, విశాఖలాంటి కమిషనరేట్లలో ఏసీపీ, డీసీపీ ఉంటారు. జిల్లాలో డీఎస్పీ, ఎస్పీ. బంజారాహిల్స్ హత్యాస్థలానికి ‘ఎస్పీగారు వచ్చారు’ అని రాస్తే హైదరాబాద్ పాఠకుడు అక్కడే నవ్వుతాడు. వేలిముద్రలు, రక్తపు మరకలు సేకరించేవాళ్లను ఇక్కడ క్లూస్ టీం అంటారు. మీరూ అదే మాట వాడండి.

థ్రిల్లర్లలో ఎక్కువగా దెబ్బతినేది పతాక సన్నివేశం. లాకప్‌లో రెండు దెబ్బలు పడగానే దోషి అంతా ఒప్పేసుకుంటాడు, కథ కంచికి. కానీ పోలీసుల ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో అతనిపై సాక్ష్యంగా పనికిరాదు. అతను చెప్పిన మాటను బట్టి కత్తి దొరికితే, ఆ దొరకడానికి సంబంధించినంత వరకే ఆ మాట చెల్లుతుంది. నేరాంగీకారం నిలబడాలంటే మేజిస్ట్రేట్ ముందు, ఇష్టపూర్వకంగా ఇవ్వాలి. మందిచ్చి మగతలో నిజం రాబట్టే నార్కో పరీక్ష కూడా నిందితుడి సమ్మతి లేకుండా చెయ్యకూడదని సెల్వి కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. వీటిని అడ్డంకులుగా చూడకండి. ‘వాడే చేశాడని మాకు తెలుసు, నిరూపించలేం’ అన్న పరిస్థితి నుంచి వంద పేజీల కథ పుడుతుంది. అరెస్టయిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలన్న గడువు కూడా అలాంటిదే. గడియారం నడుస్తున్న అధ్యాయాన్ని చట్టమే మీ చేతికిస్తోంది.

శవపరీక్ష దగ్గర ఇంకో జబ్బుంది. డాక్టరు శవాన్ని చూస్తూనే ‘రాత్రి పదకొండూ పదికి చనిపోయాడు’ అంటాడు. అలా ఎవరూ చెప్పలేరు. శరీరం బిగుసుకోవడం రెండు, మూడు గంటల్లో మొదలై పన్నెండు గంటలకల్లా ఒళ్లంతా పాకుతుంది. మన వేసవిలో అదింకా తొందరగా వచ్చి తొందరగా పోతుంది. ఏసీ గదిలో ఆ లెక్కంతా మారిపోతుంది. అందుకే డాక్టర్లు ‘ఫలానా గంటకూ ఫలానా గంటకూ మధ్య’ అంటారు. ఆ నాలుగైదు గంటల వెడల్పులోనే మీ హంతకుడి దొంగ అలిబీని, అంటే ఆ వేళ వేరేచోట ఉన్నానన్న అబద్ధాన్ని, పెట్టుకోవచ్చు. డీఎన్‌ఏ నివేదిక మర్నాటికే రాదు. రుమాలుకు క్లోరోఫాం అద్ది ముక్కు దగ్గర పెట్టగానే మనిషి వాలిపోడు, కొన్ని నిమిషాలు ఆపకుండా పీల్చాలి. రివాల్వర్ పేలిస్తే ఖాళీ తూటా కింద పడదు, సిలిండర్‌లోనే ఉంటుంది. కింద షెల్ దొరకాలంటే హంతకుడి చేతికి పిస్టల్ ఇవ్వండి.

రాత పూర్తయ్యాక ఒక క్రిమినల్ లాయరుకు దర్యాప్తు అధ్యాయాలు మాత్రం ఇచ్చి చదివించండి. నవల మొత్తం ఇస్తే వారికి తీరదు.

ప్రశ్న: నవలను వర్డ్‌లో టైపు చేశాను. డీటీపీ చేసేవారు అను ఫాంట్లలోకి మార్చాక అక్షరాలన్నీ చెదిరిపోయాయి. ప్రెస్సుకు వెళ్లేముందు ఏం చూసుకోవాలి?
— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: మీరు టైపు చేసింది యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడిగా ఉండే అక్షర సంకేతాలు), వారు పేజ్‌మేకర్‌లో వాడేది యూనికోడ్ కాని అను ఫాంట్లు. మార్పిడిలో వత్తులు, పొల్లులు దెబ్బతింటాయి. పైగా ఈ-బుక్ చెయ్యాల్సి వచ్చినప్పుడు అదంతా మళ్లీ వెనక్కి మార్చుకోవాలి. కాబట్టి మొదటి నుంచి చివరిదాకా యూనికోడ్‌లోనే చేసేవాళ్లను వెతుక్కోండి. పేజీలు కూర్చే ఇన్‌డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ‘వరల్డ్ రెడీ పేరాగ్రాఫ్ కంపోజర్’ పెట్టుకుంటే తెలుగు సరిగ్గానే కూర్చుంటుంది. మండలి, నోటో సెరిఫ్ తెలుగు వంటివి ఉచితంగా దొరుకుతాయి. ఒక అధ్యాయాన్ని రెండు మూడు ఫాంట్లలో కాగితం మీద ప్రింటు తీసి చూసి ఎంచుకోండి. తెర మీద బాగున్నవన్నీ కాగితం మీద బాగుండవు.

థ్రిల్లర్లలో ఇంగ్లిషు మాటలు ఎక్కువ, అందుకే ఈ చిక్కు కూడా ఎక్కువ: ‘పోస్ట్‌మార్టం’ అని ఉండాల్సింది ‘పోస్ట్మార్టం’ అయిపోతుంది, ‘సాఫ్ట్‌వేర్’లో వకారం టకారం కిందికి జారిపోతుంది. పొల్లు తర్వాత కనిపించని అక్షరం ఒకటి పడాలి. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. చాలా తెలుగు కీబోర్డుల్లో దానికి ఒక మీట ఉంటుంది. నవలలో ఇలాంటి మాటల జాబితా రాసుకుని, ‘వెతుకు, మార్చు’ పద్ధతిలో ఒక్కొక్కటే సరిచెయ్యండి. ఆ జాబితాను దాచుకోండి, రెండో నవలకూ పనికొస్తుంది.

తెలుగు నవలలకు డెమీ వన్ బై ఎయిట్ సైజు, అంటే సుమారు ఐదున్నర, ఎనిమిదిన్నర అంగుళాలు, బాగా అలవాటైనది. 12 పాయింట్ల అక్షరంలో పేజీకి దాదాపు 220 మాటలు పడతాయి. 50,000 మాటలకు దాదాపు 230 పేజీలు. ఆఫ్‌సెట్‌లో అచ్చు 16 పేజీల ఫారాల లెక్కన నడుస్తుంది కాబట్టి ముందు పేజీలతో కలిపి 240కి సర్దితే సరిగ్గా 15 ఫారాలు. 243 అయిందంటే ఆ మూడు పేజీల కోసం ఇంకో ఫారం ఖర్చు తగులుతుంది. ఎక్కడో రెండు పేరాలు కత్తిరించడం నయం. 70 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని) కాగితం, 300 జీఎస్‌ఎం ఆర్ట్ కార్డ్ అట్ట, మ్యాట్ లామినేషన్ చాలు.

వెన్ను మందం ప్రెస్సువాళ్లను అడగకుండా అట్ట డిజైన్ చేయించకండి. కాగితం మందం 0.09 మిల్లీమీటర్లయితే 120 ఆకులకు 10.8 మిల్లీమీటర్ల వెన్ను వస్తుంది. నేచురల్ షేడ్ కాగితానికి మారితే మందం పెరగవచ్చు. అప్పుడు వెన్ను మీది పేరు నడుమ నుంచి పక్కకు జరుగుతుంది. అట్టకు నాలుగువైపులా మూడు మిల్లీమీటర్ల బ్లీడ్, అంటే కత్తిరింపులో పోయే అంచు, వదలాలి.

ఎన్ని కాపీలు? మొదటి నవలకు కావలసినన్ని కాపీలే వేసే ప్రింట్ ఆన్ డిమాండ్ పద్ధతిలో యాభయ్యో వందో వేయించండి. కాపీ ఖరీదు ఎక్కువే, కానీ అచ్చుతప్పులు తర్వాతి విడతలో దిద్దుకోవచ్చు. ఆఫ్‌సెట్‌లో వెయ్యి కాపీలు వేస్తే కాపీ చవకే, కానీ మంచం కింద అట్టపెట్టెలు చేరాక దిద్దడానికి ఏమీ ఉండదు.

ప్రశ్న: పుస్తకానికి ఇచ్చే గుర్తింపు సంఖ్య ఐఎస్‌బీఎన్‌కు ఐదు వేలు అడుగుతున్నారు. సమంజసమేనా?
— ఒక పాఠకురాలు, నెల్లూరు

జవాబు: కాదు. మన దేశంలో ఐఎస్‌బీఎన్ ఉచితం. విద్యాశాఖ కింద ఉన్న రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ పోర్టల్‌లో రచయితగా నమోదై మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చు పుస్తకానికి ఒక సంఖ్య, ఈ-బుక్‌కు వేరే సంఖ్య. బార్‌కోడ్ ఆ సంఖ్య నుంచే తయారవుతుంది, దానికీ ప్రత్యేకంగా డబ్బు కట్టక్కర్లేదు. పుస్తకం వచ్చాక ముప్ఫై రోజుల్లోగా 1954 నాటి చట్టం ప్రకారం కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, చెన్నై, ముంబయి, ఢిల్లీల్లోని మూడు గ్రంథాలయాలకూ ఒక్కో కాపీ ప్రచురణకర్త పంపాలి. సొంతంగా వేసుకుంటే ప్రచురణకర్త మీరే.

ప్రశ్న: ఒక సంస్థ తొంభై వేలకు అచ్చు, అమ్మకాలు, ‘బెస్ట్ సెల్లర్ ప్రచారం’ అన్నీ కలిపి ప్యాకేజీ ఇస్తానంటోంది. ఒప్పుకోవచ్చా?
— ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ప్యాకేజీని విడగొట్టి రాసిమ్మనండి: ఎడిటింగ్‌కు ఎంత, అట్టకు ఎంత, ఎన్ని కాపీలు, ప్రచారమంటే ఏమేం చేస్తారు. ‘దేశమంతటా అందుబాటులో’ అన్న మాటకు తరచుగా ఉండే అర్థం, పుస్తకం వెబ్‌సైట్లలో కనిపిస్తుందని మాత్రమే. కాచిగూడ నవోదయ వంటి షాపు బల్ల మీద ఉంటుందని కాదు. హక్కులు ఎవరివి, ఒప్పందం ఎన్నేళ్లు, లేఅవుట్ అసలు ఫైళ్లు మీకిస్తారా? ఈ మూడూ ఒప్పందంలో లేకపోతే సంతకం పెట్టకండి.

లెక్క కూడా వేసి చూడండి. కాపీకి 70 రూపాయలు పడి, వెల 200 పెట్టారనుకోండి. అమ్మేవారికి 40 శాతం పోతే మీ చేతికి 120. అచ్చు ఖర్చు తీస్తే 50. రవాణాకు పది, నలిగి తిరిగొచ్చిన వాటికి మరో పది తీసేస్తే 30 మిగులుతుంది. తొంభై వేలు వెనక్కి రావాలంటే మూడు వేల కాపీలు అమ్ముడుపోవాలి. కొత్త రచయిత మొదటి నవలకు అది చిన్న సంఖ్య కాదు. ఆ డబ్బులో కొంత మంచి ఎడిటర్‌కూ, కొంత అట్ట గీసేవారికీ ఇస్తే పుస్తకం బాగుపడుతుంది.

ప్రశ్న: కిండిల్, ప్రతిలిపి, ఆడియో వీటిలో దేనితో మొదలుపెట్టాలి?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: కిండిల్‌లో ఎక్కించేముందు కేడీపీ (రచయితలే పుస్తకాలు ఎక్కించుకునే అమెజాన్ విభాగం) వారి భాషల జాబితా చూడండి. 2016లో కిండిల్‌లోకి వచ్చిన ఐదు భారతీయ భాషలు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం. అందులో తెలుగు లేదు. జాబితాలో లేని భాషలో పుస్తకం ఎక్కిస్తే తిరస్కరించే వీలుంది. ఇంగ్లిషులోనూ రాసేవారికి ఒక మాట: భారత్‌లో అమ్మకాలపై 70 శాతం రాయల్టీ కావాలంటే కేడీపీ సెలెక్ట్ అనే పథకంలో చేరాలి. చేరితే 90 రోజుల పాటు ఆ ఈ-బుక్ మరెక్కడా ఉండకూడదు.

తెలుగులో కొత్తవారికి ప్రతిలిపి ధారావాహిక మంచి పరీక్ష. ఏ భాగం దగ్గర పాఠకులు తగ్గిపోతున్నారో కళ్లకు కడుతుంది. నవల మొత్తం పూర్తయ్యాకే మొదటి భాగం పెట్టండి. వ్యాఖ్యల్లో ఎవరో హంతకుణ్ని ఊహించేశారని కంగారుపడి మధ్యలో దోషిని మారిస్తే, అంతకుముందు పరిచిన ఆధారాలన్నీ గాల్లో వేలాడతాయి. ఆడియోవాళ్ల ఒప్పందంలో ‘ప్రత్యేక హక్కులు’ అని ఉంటే అది ఆడియోకేనా, అన్ని రూపాలకూనా అన్నది చదివి తేల్చుకోండి. ఈ-బుక్‌ను పీడీఎఫ్‌గా ఇవ్వకండి, తెర సైజుకు అక్షరాలు సర్దుకునే ఈపబ్ చేయించండి. పీడీఎఫ్‌ను ఫోన్‌లో ప్రతి పేజీ పెద్దది చేసుకుని చదివే ఓపిక ఎవరికీ లేదు.

ప్రశ్న: ప్రచారానికి డబ్బు లేదు. ఉన్నదల్లా ఫోనూ, ఫేస్‌బుక్కూ. ఎలా?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: విడుదలకు ఆరు వారాల ముందు పాతికమందికి నవల ఇవ్వండి. బంధువులు వద్దు, థ్రిల్లర్లు చదివే అలవాటున్నవాళ్లు కావాలి. ‘ఎలా ఉంది?’ అని అడగొద్దు, ‘బాగుంది’ అంటారు, అంతే. ఎక్కడ ఆపి పక్కన పెట్టారు, సగంలో ఎవరిని అనుమానించారు, ఏ విషయం నమ్మబుద్ధి కాలేదు అని అడగండి. సగానికే పదిమందికి పైగా అసలు దోషినే పట్టేస్తే ఆధారాలు బాహాటంగా ఉన్నాయన్నమాట. ఒక్కరికీ అనుమానం రాకపోతే ఆధారాలే లేవేమో చూసుకోవాలి. విడుదలయ్యాక ఈ పాతికమందే మొదటి పరిచయాలు రాస్తారు. అమెజాన్‌లో ఇంట్లోవాళ్ల చేత సమీక్షలు రాయించడం వారి నియమాలకు విరుద్ధం, తీసేస్తారు.

వెనక అట్ట మీది మాటలు 80 నుంచి 100 లోపు ఉండాలి. ‘ఊహించని మలుపులు’, ‘ఊపిరి బిగపట్టే ఉత్కంఠ’ వంటివి అన్ని పుస్తకాల మీదా ఉన్నవే. మనిషి పేరు, అతనికొచ్చిన చిక్కు, గడువు చెప్పి వదిలెయ్యండి. రీల్స్ చెయ్యాలనుకుంటే అట్ట బొమ్మను తిప్పి చూపించే బదులు మొదటి పేజీని ముప్ఫై సెకన్లు మంచి గొంతుతో చదివించండి.

వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్ జాబితాలో 256 మందికి మించి పట్టరు. మీ నంబరు సేవ్ చేసుకున్నవారికే సందేశం చేరుతుంది కూడా. అందుకే వాట్సాప్ ఛానల్ ఒకటి తెరిచి, దాని క్యూఆర్ కోడ్‌ను నవల చివరి పేజీలో అచ్చు వెయ్యండి. కథ ముగించిన క్షణంలోనే పాఠకుడికి మీ మీద ఆసక్తి ఎక్కువగా ఉంటుంది. రెండో నవల మొదటి అధ్యాయం అక్కడ ఉచితంగా దొరుకుతుందని చెప్పండి. ప్రకటనలకు డబ్బు పెట్టడమంటూ ఉంటే రెండో పుస్తకం వచ్చాకే.

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన డిసెంబరులో, విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో వస్తాయి. నవంబరు మధ్యకల్లా పుస్తకం చేతికి రావాలంటే ప్రూఫులకు మూడు వారాలు, ప్రెస్సుకు మూడు వారాలు తీసి అక్టోబరు మొదటికల్లా ఫైలు సిద్ధం చేసుకోండి. ఒక్క పుస్తకానికి స్టాలు అద్దె గిట్టదు. నలుగురైదుగురు రచయితలు కలిసి తీసుకోవడమో, ఏదైనా ప్రచురణకర్త స్టాల్లో పెట్టుకోవడమో మేలు.

పోస్టులో పంపడానికి 2025 మే 1 నుంచి జ్ఞాన్ పోస్ట్ ఉంది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, ఐదు కిలోలకు 100, పన్ను అదనం. 240 పేజీల డెమీ పుస్తకం అట్టతో కలిపి 275 గ్రాముల దాకా తూగుతుంది. బరువైన బబుల్ కవరు వాడితే 300 దాటి పై రేటు పడుతుంది. పుస్తకం మీద ప్రచురణకర్త లేదా ముద్రాపకుల పేరు ఉండాలి. ఈ సేవ విద్య, సామాజిక, సాంస్కృతిక, మత గ్రంథాలకు ఉద్దేశించింది కాబట్టి మీ నవలను తీసుకుంటారో లేదో పోస్టాఫీసులో ముందే కనుక్కోండి.

ప్రశ్న: నా నవల చదివిన ఒక దర్శకుడి సహాయకుడు కథ నచ్చింది, వచ్చి చెప్పమంటున్నారు. కథ పోతుందేమోనని భయం. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రాసిన క్షణం నుంచే కాపీరైట్ మీది. కావాలంటే 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లో రిజిస్టర్ చేయించుకోవచ్చు. అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. అయితే చట్టం కాపాడేది మీరు రాసిన రూపాన్ని, ఆలోచనను కాదు. ఆర్.జి. ఆనంద్ కేసులో 1978లో సుప్రీంకోర్టు ఈ తేడా స్పష్టంగా చెప్పింది. ‘లిఫ్టులో హత్య’ అన్న ఊహను ఎవరైనా వాడుకోవచ్చు. మీ పాత్రలు, సంఘటనల వరస, మలుపులు అలాగే దించేస్తే అది ఉల్లంఘన. కాబట్టి నోటితో కథ చెప్పిరాకండి. అచ్చయిన పుస్తకమే ఇచ్చి, దాంతోపాటు తేదీతో ఒక ఈమెయిల్ పంపండి.

హక్కుల బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉంటేనే చెల్లుతుంది. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లు, ఎక్కడో రాయకపోతే భారతదేశం అని చట్టమే అనుకుంటుంది. హక్కు తీసుకుని ఏడాదిలోపు వాడుకోకపోతే, వేరేలా రాసుకోనంతవరకు, ఆ బదిలీ రద్దవుతుంది. అవతలివారి ముసాయిదాలో ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా, అన్ని మాధ్యమాల్లో’ అని ఉంటుంది. కాలం, చోటు గురించిన ఈ రక్షణలు ఎగిరిపోయేది ఆ ఒక్క వాక్యంతోనే. సినిమా, వెబ్ సిరీస్, రీమేక్, ఆడియో విడివిడిగా రాయించండి. ముందు ఏడాదికో ఏడాదిన్నరకో ఆప్షన్ (ఆ గడువులోగా హక్కులు కొనుక్కునే వీలు) మాత్రం ఇచ్చి, దానికి కొంత సొమ్ము తీసుకోండి. అదే పాత్రలతో మీరు రెండో నవల రాసుకునే హక్కు మీ దగ్గరే ఉందని వేరే పేరాగా చేర్పించండి.